నా కూతుర్ని నేనే ఫొటో తీసుకుంటుంటే తీర్థంలో జనం చుట్టుముట్టారు

లంక_నాన్న | ముక్కనుమ, రాత్రి 9:42

అందరికీ నమస్కారం. నిన్నటి సంగతి ఒకటి మీ ముందు పెడుతున్నాను. రాత్రంతా నిద్ర పట్టలేదు.

మాది పి.గన్నవరం అవతల లంక ఊరు. ఉద్యోగం రాజమండ్రిలో. ఏటా సంక్రాంతికి ఊరొస్తాం. నిన్న మధ్యాహ్నం పాపని ప్రభల తీర్థానికి తీసుకెళ్లాను. ఏ ఊరి తీర్థమో రాయను, ఆ ఊరికి చెడ్డపేరు తేవడం నాకిష్టం లేదు. పాపకి ఐదున్నరేళ్లు. ప్రభ దాళ్వా చేలోకి దిగే చోట గట్టు మీద నిలబడ్డాం. మా ఆవిడ, అత్తగారు వెనకాల కొబ్బరిచెట్ల నీడలో కూర్చున్నారు. ఎర్ర పరికిణీలో పాప, వెనక పచ్చటి చేలో ఊగుతూ వచ్చే ప్రభ. ఆ ఒక్క ఫొటో కోసం పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. పాపకేమో జీళ్లు కావాలి. ఒక్క ఫొటో తీసుకుని వెళ్దామన్నాను. ఏడుపు మొదలెట్టింది. చెయ్యి పట్టుకుని గట్టు చివరికి తిప్పి, వంగి ఫోన్ ఎత్తాను. "వద్దు, నన్నొదులు!" అని గట్టిగా అరిచింది.

అంతే. ఎవరో వెనక నుంచి నా చేతిలో ఫోన్ లాక్కున్నారు. తిరిగి చూసేసరికి ఐదారుగురు కుర్రాళ్లు. "ఎవర్రా నువ్వు? పాప ఎవరు?" నా కూతురండీ అన్నాను. మేళాల మోతలో నా మాట నాకే వినబడలేదు. ఒకతను పాపని ఎత్తుకుని అవతలికి జరిగాడు. "ఈయన ఎవరమ్మా?" అని అడిగారు. పాప బిగుసుకుపోయి ఒక్క మాటా మాట్లాడలేదు. అది చూసి వాళ్లకి అనుమానం ఇంకా పెరిగింది. నా చొక్కా పట్టుకున్నారు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చేదాకా ఐదు నిమిషాలు పట్టి ఉంటుంది. ఆవిడ్ని చూడగానే పాప ఏడ్చింది, వాళ్లు వదిలారు. ఫోన్ ఇచ్చేశారు. ఒకతను "పాప మంచికే కదండీ అడిగాం" అన్నాడు. అతని మొహంలో కపటం లేదు, అది కూడా చెప్పాలి.

ఇవాళ పొద్దున్న పెరట్లో ముగ్గు దగ్గర కూర్చుంటే మామూలుగా ఫోన్ ఎత్తాను. "వద్దు నాన్నా, వాళ్లొస్తారు" అంది.

నా స్థానంలో వేరే మనిషి ఉండి, ఏడుస్తున్న పిల్లని అలా తిప్పుతుంటే నేనూ వెళ్లి అడిగేవాడినేమో. అందుకే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియడం లేదు. బయట పిల్లల్ని ఫొటోలు తీయడం మానేయాలా? మీరేం చేస్తున్నారు?

అమలాపురం_అక్క | రాత్రి 10:05

తమ్ముడూ, చదువుతుంటే నా కాళ్లు వణికాయి. ముందు పాప సంగతి చూడు. రెండు రోజులు ఫోన్ దాని ముందు తీయకు. "వాళ్లు నిన్ను కాపాడదామనుకున్నారు, నాన్నెవరో వాళ్లకి తెలియలేదు" అని నిదానంగా చెప్పు. ఆ కుర్రాళ్లని దొంగలని మాత్రం చెప్పకు. రేపు నిజంగా సాయం కావలసి వస్తే మనుషుల దగ్గరికి వెళ్లడానికి భయపడుతుంది.

వాళ్లు అడగడం తప్పు కాదు. పాపని నీ చేతిలోంచి ఎత్తుకుపోవడం తప్పు. తెలియని మగాడు ఎత్తుకుంటే ఏ పిల్ల నోరు విప్పుతుంది?

గట్టుమీద_కుర్రాడు | రాత్రి 10:31

అన్నా, నిన్న నేను అక్కడ లేను. కానీ ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి, దాచుకోను. ఎందుకో చెబుతాను.

మొన్న కార్తీకమాసంలో మా ఊరి రేవు దగ్గర సోమవారం స్నానాలు. తెల్లవారుజామున ఒకడు మెట్ల మీద కూర్చుని ఫోన్ మోకాలి మీద పెట్టుకున్నాడు. దీపాలు తీస్తున్నాడేమో అనుకున్నాం. మా పిన్ని కూతురు, తొమ్మిదేళ్లది, తడి బట్టలతో పైకొస్తుంటే ఫోన్ దానితో పాటే తిరిగింది. వెళ్లి అడిగితే తత్తరపడ్డాడు. వాడే చూపించాడు, మొత్తం పిల్లలే. ఒక్క దీపం లేదు. రేవు దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్‌కి అప్పజెప్పాం. ఆ రోజు మొహమాటపడి ఊరుకుంటే ఆ ఫొటోలు ఎక్కడికి వెళ్లేవి?

నీకు అవమానం జరిగింది, నిజమే. కానీ పొరపాటున ఒక తండ్రిని అడగడమా, పొరపాటున ఒక దుర్మార్గుణ్ణి వదిలేయడమా అంటే నేను మొదటిదే ఎంచుకుంటాను.

కొబ్బరాకు | రాత్రి 10:40

అడగడం వేరు, చొక్కా పట్టుకోవడం వేరు బ్రో.

ఖాకీ_బాబాయ్ | రాత్రి 11:18

హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. ఈ విషయంలో కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

2018 వేసవి గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో ఒకటే మెసేజ్‌లు. తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు పోయాయి. ఆ ఏడు జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో పొట్టకూటి కోసం ఊళ్లు తిరిగే ఐదుగురిని కొట్టి చంపారు. వాళ్లలో ఒకరు చిన్నపిల్లతో మాట్లాడబోయారనే అనుమానంతో మొదలైంది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజ్‌ని ఐదుగురికి మించి ఒకేసారి పంపకుండా కట్టడి చేసింది. ఆ రోజుల్లో మా స్టేషన్ పరిధిలో పిచ్చివాడిలా తిరిగే ఒక ముసలాయన్ని కొబ్బరిచెట్టుకి కట్టేశారు. మేం వెళ్లేసరికి ఒళ్లంతా నెత్తురు. ఆయన దగ్గర ఉన్నదల్లా ఒక సంచి, అందులో చిరిగిన దుప్పటి. కొట్టినవాళ్లంతా మంచి కుటుంబాల పిల్లలే. అందరూ చెప్పింది ఒకటే మాట: "పిల్లల కోసమే కదండీ."

అందుకే ఆ "మంచికే కదండీ" అన్న మాట చదివి నాకు గుండె ఝల్లుమంది. తమ్ముడి అదృష్టం బాగుంది.

గట్టుమీద కుర్రాడూ, నువ్వు రేవులో చేసింది సరైన పని, ఎందుకంటే అడిగావు, అప్పజెప్పావు, చెయ్యి చేసుకోలేదు. ఎప్పుడైనా అనుమానం వస్తే ఇలా చెయ్యండి. ఇద్దరు వెళ్లండి, ఒకరు ఆడమనిషైతే మంచిది. "పాప ఏడుస్తోందండీ, ఏమైనా సాయం కావాలా?" అని అడగండి. నిజమైన తండ్రి వెంటనే జవాబిస్తాడు, వాళ్లావిడ ఎక్కడుందో చూపిస్తాడు. పాపని అడగాలంటే కింద కూర్చుని, "మీ అమ్మ ఎక్కడుందమ్మా?" అనండి. "ఈయన ఎవరు" అంటే పిల్లలు ఏదో తప్పు చేశామనుకుని బిగుసుకుపోతారు. ఇంకా అనుమానం ఉంటే ఆ మనిషి కనబడేలా దూరంగా నిలబడి 112కి చేయండి. పిల్లల విషయాలకి 1098 కూడా ఉంది. ఇంకొకరి ఫోన్ లాక్కుని తెరిచి చూసే హక్కు మనకెవరికీ లేదు.

ఇంకొక్క మాట. ఇది చెప్పకపోతే నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగానికి అర్థం లేదు. చిన్నపిల్లల మీద జరిగే అత్యాచారాల కేసులు దేశం మొత్తం లెక్కల్లో ఏటా తొంభై శాతానికి పైగా తెలిసినవాళ్లే చేసినవి. బంధువు, పక్కింటివాడు, ట్యూషన్ చెప్పేవాడు, స్నేహితుడు. తీర్థంలో తెలియని మనిషిని చూసి ఉలిక్కిపడతాం. పండక్కి ఇంటికొచ్చి పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని వదలని మనిషిని చూసి "చనువు" అంటాం. నా దగ్గరికొచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పలేకపోయింది ఆ చనువు గురించే.

లంక_నాన్న | రాత్రి 11:50

బాబాయ్ గారూ, చివరి పేరా మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

కువైట్_అమ్మ | మర్నాడు, తెల్లవారుజామున 2:15

ఇక్కడ ఇప్పుడే పని అయింది. మీ మాటలన్నీ చదివాను.

మాది మలికిపురం దగ్గర. ఇళ్లల్లో పనికి వచ్చి నాలుగేళ్లయింది. బాబుకి తొమ్మిది, పాపకి ఆరు. మా అమ్మ దగ్గర ఉంటారు. పాపని వదిలి వచ్చేటప్పటికి దానికి మాటలు సరిగ్గా రాలేదు. నా పిల్లలు నాకు ఫొటోల్లోనే పెరిగారండీ. పళ్లూడిన ఫొటో, బడికి మొదటిరోజు వెళ్లిన ఫొటో, అంతర్వేది తీర్థంలో బాబు మట్టి ట్రాక్టర్ పట్టుకున్న ఫొటో. పడుకునే ముందు అవి చూసుకోకపోతే నాకు నిద్ర రాదు. మా గదిలో నలుగురం ఉంటాం, నలుగురికీ ఇంతే.

కాబట్టి ఫొటోలు మానేయండి అని ఎవరూ అనకండి. పోయిన నెల మా అమ్మకి పక్కింటివాళ్లు ఏదో చెప్పి భయపెట్టారట, ఫోన్‌లో పిల్లల ఫొటోలు ఉంటే దొంగలు చూస్తారని. పదిరోజులు ఒక్క ఫొటో పంపలేదు. నాకు జ్వరం వచ్చినంత పనయింది.

కానీ ఒక తప్పు నేనూ చేశాను. పాపకి మా అమ్మ నలుగుపెట్టి స్నానం చేయిస్తుంటే వీడియో కాల్ చేయమనేదాన్ని. చిన్నప్పుడు నా చేతులతో పోసిన నీళ్లు గుర్తొచ్చేవి. ఈమధ్య పాప "అమ్మా, ఇప్పుడొద్దు, బట్టలేసుకున్నాక చూడు" అంది. ఆరేళ్ల పిల్లకి తోచింది నాకు తోచలేదు. అప్పటినుంచి జడ వేసేటప్పుడు చేస్తున్నారు.

పాలకొల్లు_పిన్ని | ఉదయం 6:50

అమ్మాయ్, నీ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకున్నాను. మీ అమ్మకి నా మాటగా చెప్పు, ఫొటోలు ఆపొద్దని.

నాకు అరవై ఎనిమిది. మా చిన్నతనంలో తీర్థాల్లో ఫొటో గుడారం ఉండేది. అట్టముక్క చందమామ మీద కూర్చోబెట్టి తీసేవాళ్లు. ఏడాదికి ఒక్క ఫొటో. మా తమ్ముడి ఫొటో గోచీ కూడా లేకుండా మొలతాడుతో ఉంటుంది, పటం కట్టి హాల్లో పెట్టారు. వాడి పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు కూడా చూశారు. అప్పుడెవరూ తప్పనుకోలేదు, ఇప్పుడూ నాకు అందులో తప్పు కనబడదు. ఆ పటం మా ఇంటి గోడ దాటి ఎక్కడికీ పోలేదు, అంతే తేడా.

పిల్లల ఫొటో ఊరంతా చూస్తే దిష్టి అని మా అత్తగారు అనేవారు. అన్నప్రాశన దాకా బయటివాళ్లకి మొహమే చూపించేవారు కాదు. మూఢనమ్మకం అని మేం కొట్టిపారేశాం. ఇప్పుడు మా మనవరాలు తన పాప మొహం మీద పువ్వు బొమ్మ పెట్టి స్టేటస్ వేస్తుంటే మా అత్తగారే గుర్తొస్తున్నారు.

భీమవరం_టు_హైటెక్ | ఉదయం 9:12

పిన్నిగారు చెప్పిన గోడ మాట దగ్గర్నుంచి మొదలుపెడతాను, నా పని అదే కాబట్టి. డేటా సెక్యూరిటీలో ఉన్నాను.

ఫోన్‌తో తీసిన ప్రతి ఫొటోలో కంటికి కనబడని సమాచారం ఉంటుంది. కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే అది పోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అలాగే ఉంటుంది. క్వాలిటీ తగ్గకూడదని చాలామంది డాక్యుమెంట్‌గానే పంపుతారు. కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి లొకేషన్ ఆపేయండి, ఒక్క నిమిషం పని.

అసలు లొకేషన్ అక్కర్లేకుండానే మనమే చెప్పేస్తాం. స్కూల్ యూనిఫాం, బ్యాడ్జీ, ఆటో నంబరు, "రోజూ సాయంత్రం ఐదింటికి మా బుజ్జిది డాన్స్ క్లాసు" అని కింద రాత. వాట్సాప్ స్టేటస్ ఎవరికి కనబడాలో ఎంచుకోవచ్చు. మన కాంటాక్టుల్లో గ్యాస్ డెలివరీ అబ్బాయి, ఎప్పుడో ఒకసారి పిలిచిన ప్లంబర్, పాత ఆఫీసువాళ్లు అందరూ ఉంటారు కదా. వాళ్లంతా మన పాప పుట్టినరోజు చూడాల్సిన అవసరం ఏముంది?

మొలతాడు ఫొటో గురించి. పటంగా గోడ మీద ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు, కానీ స్కాన్ చేసి క్లౌడ్‌లో పెట్టకండి. గుజరాత్‌లో ఒక ఇంజినీరు ఇలాగే తన చిన్ననాటి ఫొటోలు గూగుల్ డ్రైవ్‌లో దాచుకున్నాడు. వాటిలో ఒకటి రెండేళ్ల వయసులో బామ్మ స్నానం చేయిస్తున్నది. కంప్యూటర్ దాన్ని పిల్లల అసభ్య చిత్రంగా లెక్కగట్టి ఆయన అకౌంట్ మొత్తం ఆపేసింది. ఈమెయిల్ కూడా పోయింది. 2024 మార్చిలో గుజరాత్ హైకోర్టు గూగుల్‌కి నోటీసు ఇచ్చేదాకా వెళ్లింది. మెషీన్‌కి బామ్మ ప్రేమ తెలియదు.

నాకు ఎక్కువ టెన్షన్ వేరే ఉంది. ఇప్పుడు మామూలు ఫొటో ఒకటి దొరికితే చాలు, మొహం తీసి ఏ బొమ్మకైనా అతికించే సాఫ్ట్‌వేర్లు ఫోన్‌లోనే ఉన్నాయి. కార్తీకస్నానం ఫొటో కానక్కర్లేదు. పట్టు పరికిణీ ఫొటో చాలు.

గట్టుమీద_కుర్రాడు | ఉదయం 9:30

ఇది నాకు తెలియదన్నా. అలా జరిగితే ఏం చేయాలి?

భీమవరం_టు_హైటెక్ | ఉదయం 9:47

ముందు డిలీట్ చేయించేయాలని కంగారుపడకండి. లింకు, అకౌంట్ పేరు, టైము రాసి పెట్టుకోండి. అసభ్య చిత్రాన్ని మాత్రం సాక్ష్యం అని ఇంకొకరికి ఫార్వర్డ్ చేయొద్దు, అదే నేరమవుతుంది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల చిత్రాలు తీసేయించడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అందులో ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు, వేలిముద్ర లాంటి దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళుతుంది.

ఖాకీ_బాబాయ్ | ఉదయం 10:20

చట్టం సంగతి నేను కలుపుతాను. పిల్లల అసభ్య చిత్రాలు తయారుచేయడం, పంపడం, వెతకడం ఐటీ చట్టం 67బి కింద నేరం. పిల్లల మీద లైంగిక నేరాల కోసం 2012లో వచ్చిన పోక్సో చట్టం కిందా నేరమే. 2024 సెప్టెంబర్ 23న సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. అలాంటివి ఫోన్‌లో వచ్చినప్పుడు తీసేయకుండా, పోలీసులకి చెప్పకుండా పంచే ఉద్దేశంతో ఉంచుకోవడమూ నేరమేనని. కుర్రాళ్ల గ్రూపుల్లో ఏదో వచ్చింది, చూసి నవ్వుకున్నాం అంటే కుదరదు.

తీర్థంలో, రేవులో, పార్కులో మామూలు ఫొటో తీయడాన్ని మాత్రం ఏ చట్టమూ అడ్డుకోదు. తండ్రి తన కూతుర్ని తీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

రాజోలు_స్టూడియో | మధ్యాహ్నం 1:05

నా వృత్తే ఇది కాబట్టి మాట్లాడక తప్పదు. ఇరవై రెండేళ్లుగా స్టూడియో. బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, పెళ్లిళ్లు.

మన జిల్లాల్లో ఓణీల ఫంక్షన్ ఎలా చేస్తున్నామో ఒకసారి ఆలోచించండి. పన్నెండు, పదమూడేళ్ల పిల్ల. నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగుల ఫ్లెక్సీ, దాని మీద మేనమామలందరి ఫొటోలు, మధ్యలో పాప, కింద ఊరి పేరు, ఇంటి పేరు, తేదీ, ఫంక్షన్ హాలు. తర్వాత డ్రోన్ వీడియో, సినిమా పాట, యూట్యూబ్‌లో టీజర్. పిల్ల పెద్దమనిషి అయిందన్న సంగతి తెలియనివాళ్లందరికీ తెలియజెప్పడమే. ఆ వీడియోల కింద వచ్చే కామెంట్లు నేను చదివాను. ఆ తండ్రులు చదివితే తట్టుకోలేరు. తీర్థంలో తండ్రి చొక్కా పట్టుకునే మనమే ఆ ఫ్లెక్సీ కింద నిలబడి సెల్ఫీ దిగుతున్నాం.

నా షాపు సంగతి కూడా చెబుతాను. ముందు అద్దాల్లో శాంపిల్ ఫొటోలు పెట్టడం అందరికీ అలవాటు. ఒక పాప ఓణీ ఫొటో చాలా బాగా వచ్చింది, పెద్దది చేసి పెట్టాను. రెండేళ్లు అక్కడే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం ఎండలో సైకిల్ మీద ఒక అమ్మాయి వచ్చింది. లోపలికి రాదు, గుమ్మంలో నిలబడింది. "అంకుల్, ఆ ఫొటో తీసేస్తారా?" అంది. నాకు గుర్తు పట్టడానికి కాసేపు పట్టింది. ట్యూషన్‌కి వెళ్లే దారి మా షాపు మీదుగానే. తోడొచ్చే మగపిల్లలు రోజూ ఆ ఫొటో దగ్గర ఆగి ఏదో అంటారట. ఇంట్లో చెబితే "బాగుంది కదే, పోనీలే" అన్నారట. రెండేళ్లు చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి వెళ్లింది. నన్ను అడగడానికి రెండేళ్లు పట్టింది ఆ పిల్లకి.

ఆ క్షణంలోనే తీసి, ఫ్రేముతో సహా ఆ పాప చేతికిచ్చాను. మర్నాటి నుంచి అద్దంలో కొబ్బరితోటలు, పంటు మీద సూర్యాస్తమయాలు పెట్టాను. ఇప్పుడు బుకింగ్ కాయితంలో ఒక గడి ఉంది, ఫొటోలు బయట పెట్టవచ్చా లేదా అని. తల్లిదండ్రులు సరే అన్నా పాపని వేరుగా అడుగుతాను. పదిమందిలో ఏడుగురు పిల్లలు వద్దంటున్నారు. టీజర్ లేకపోతే గిరాకీ తగ్గుతుందని తోటి స్టూడియోల వాళ్లు అన్నారు. కొంచెం తగ్గింది. ఫర్వాలేదు.

కువైట్_అమ్మ | మధ్యాహ్నం 1:40

ఆ పాప సైకిల్ మీద వచ్చి అడిగిందంటే ఎంత ధైర్యం.

కొబ్బరాకు | మధ్యాహ్నం 2:02

మా చెల్లి ఫంక్షన్ వచ్చే నెల. ఫ్లెక్సీ ఆర్డర్ నా పనే. చెల్లిని అడుగుతాను.

బడిపంతులు | సాయంత్రం 5:30

సర్కారు బడిలో పాతికేళ్లుగా టీచర్‌ని. మాకు రోజూ ఫొటోలతోనే పని. మధ్యాహ్న భోజనం ఫొటో, ప్రార్థన ఫొటో, మొక్కలు నాటిన ఫొటో. పేరెంట్స్ మీటింగ్ అయితే ఇంకా ఎక్కువ. తల్లిదండ్రులకి కూడా సంతోషమే, తమ పిల్లవాడు ముందు వరసలో లేకపోతే మర్నాడు ఫోన్ చేసి అడుగుతారు.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన ఒక బడిలో జరిగింది ఇది. రెండో తరగతిలో ఏడాది మధ్యలో ఒక బాబు చేరాడు. తల్లి ఒక్కతే తెచ్చి చేర్చింది, పెద్దగా మాట్లాడేది కాదు. ఆగస్టు 15న పిల్లలంతా జెండాలు పట్టుకుని నిలబడితే ఒక ఉపాధ్యాయుడు ఫొటో తీసి, బడి పేరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టారు. అందులో దురుద్దేశం ఏమీ లేదు. నాలుగు రోజులకి ఒక మనిషి గేటు దగ్గరికొచ్చి ఆ బాబుని పేరు పెట్టి పిలిచాడు. బాబు వెళ్లి బల్ల కింద దాక్కున్నాడు. తాగి కొట్టే భర్త నుంచి తప్పించుకుని ఆ తల్లి రెండు జిల్లాలు దాటి వచ్చిందని అప్పుడు తెలిసింది. ఎవరో బంధువు ఆ ఫొటో చూసి అతనికి పంపారు. మేం గేటు తెరవలేదు, పోలీసులకి చెప్పాం, పెద్ద ప్రమాదం తప్పింది. కానీ వారం తిరక్కుండా ఆ తల్లి బాబుని తీసుకుని ఊరొదిలి వెళ్లిపోయింది. టీసీ కూడా అడగలేదు. అప్పుడప్పుడే వాడు లెక్కలు బాగా చేస్తున్నాడు. ఇప్పటికీ జెండా పండగ వస్తే వాడే గుర్తొస్తాడు.

ఒక్క ఫొటోలో నలభై మంది పిల్లలుంటే, నలభై ఇళ్ల సంగతులు మనకి తెలియవు. అప్పటినుంచి నేను తరగతి ఫొటోలు వెనక నుంచి తీస్తున్నాను. బోర్డు వైపు చేతులెత్తిన పిల్లలు. మొహాలు కనబడవు, చదువు కనబడుతుంది.

లంక_నాన్న | సాయంత్రం 6:48

మాష్టారూ, మీ పోస్టు చదివాక నా ఫోన్ తీసి చూశాను. తీర్థంలో పాపవి నలభై రెండు ఫొటోలు తీశాను. సగానికి పైగా వాటిలో వెనకాల వేరే పిల్లలున్నారు. రంగులరాట్నం మీద ఒక బాబు మొహం మా పాపకంటే స్పష్టంగా ఉంది. వాటిలో ఆరు ఆ రోజే స్టేటస్‌లో పెట్టాను, చొక్కా పట్టుకోవడానికి గంట ముందు. ఆ బాబు వాళ్లమ్మని నేను అడిగానా? లేదు. ఆ ఫొటో ఇప్పుడు ఫోన్‌లోంచి కూడా తీసేశాను.

గట్టుమీద తమ్ముడూ, నీ రేవు సంగతి నన్ను చాలా ఆలోచింపజేసింది. అయితే ఒకటి అడుగుతాను. వాడి ఫోన్‌లో అన్నీ పిల్లల ఫొటోలే ఉన్నాయన్నావు. నా ఫోన్ తెరిచినా అన్నీ పిల్లల ఫొటోలే. ఫొటోలు లెక్కపెడితే తేడా తెలియదు. నువ్వు ఎలా పట్టుకున్నావు?

గట్టుమీద_కుర్రాడు | సాయంత్రం 7:15

అన్నా, ఫోన్ పాపతో పాటు తిరగడం చూసి. వాడు ఏ పిల్లనీ పేరు పెట్టి పిలవలేదు, ఏ పిల్లా వాడి వైపు చూడలేదు. నువ్వైతే పాప చెయ్యి పట్టుకుని ఉన్నావు. పాప నీతో దెబ్బలాడుతోంది. ఇప్పుడు ఆలోచిస్తే, పరాయివాడితో పిల్ల జీళ్ల కోసం అలా పేచీ పెట్టదు. అది గమనించాల్సింది.

నిన్న రాసిన దాంట్లో ఒకటి వెనక్కి తీసుకుంటాను. పొరపాటున తండ్రిని అడిగినా ఫర్వాలేదన్నాను. పాప "వాళ్లొస్తారు" అంటోందంటే ఫర్వాలేదు అనడానికి నేనెవరిని? అడగడం మాత్రం మానను. బాబాయ్ గారు చెప్పినట్టు అడుగుతాను. మా కుర్రాళ్ల గ్రూపులో ఆయన పోస్టు పెట్టాను.

ఖాకీ_బాబాయ్ | సాయంత్రం 7:40

సంతోషం నాయనా. ఫొటోల గురించి ఇంత భయం మాట్లాడుకున్నాం కాబట్టి, ఫొటో వల్ల మేలు జరిగింది కూడా చెబుతాను.

2015 పుష్కరాలకి, జూలై 14 నుంచి 25 దాకా, రాజమండ్రిలో ఘాట్ డ్యూటీ చేశాను. మొదటిరోజు తొక్కిసలాట నా కళ్లముందు నుంచి ఇప్పటికీ పోలేదు. ఆ పన్నెండు రోజులూ తప్పిపోయిన పిల్లల కోసం మా టెంటుకి వచ్చిన తల్లులకి లెక్కలేదు. "ఏ రంగు గౌను అమ్మా?" అంటే చెప్పలేకపోయేవారు. ఆ కంగారులో ఏ తల్లి చెప్పగలదు? ఒకావిడ మాత్రం ఫోన్ తీసి, ఆ పొద్దున్న బస్సెక్కేముందు తీసిన ఫొటో చూపించింది. పసుపు చొక్కా, నెత్తిన టోపీ. ఆ ఫొటో పట్టుకుని ఇద్దరు వాలంటీర్లు వెళ్లారు, ఇరవై నిమిషాల్లో బాబుని తెచ్చారు.

2027లో మళ్లీ పుష్కరాలు. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు ఇంటి దగ్గరే, ఆ రోజు వేసిన బట్టలతో నిలువెత్తు ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. చేతికి ఫోన్ నంబరు కట్టండి, పేరు మాత్రం బయటికి కనబడేలా రాయకండి. పేరు పెట్టి పిలిస్తే పిల్లలు ఎవరితోనైనా వెళ్లిపోతారు.

అమలాపురం_అక్క | రాత్రి 8:10

తమ్ముడూ, పాప ఎలా ఉంది? అది చెప్పలేదు.

లంక_నాన్న | రెండు రోజుల తర్వాత, రాత్రి 9:05

అక్కా, ఇప్పుడు కొంచెం నయం. మీరు చెప్పినట్టే రెండు రోజులు ఫోన్ తీయలేదు. ఇవాళ సాయంత్రం కాలవ గట్టు మీదకి నడకకి వెళ్తే దానంతటదే నా జేబు తట్టింది. ఫోన్ దాని చేతికే ఇచ్చాను. పదకొండు ఫొటోలు తీసింది. నా చెప్పులు, నా గడ్డం, సగం ఆకాశం, అవతలి ఒడ్డున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ. ఇంటికొచ్చాక ఏది అమ్మమ్మకి పంపాలో తనే ఎంచింది. నా గడ్డం ఫొటో పంపుదామని నేనంటే, "నువ్వు నవ్వలేదు, వద్దు" అని తీసేయించింది.

తర్వాత చాలాసేపటికి, "నాన్నా, రేపు నన్ను తీస్తావా? నేను చెప్పినప్పుడు" అంది.

కువైట్_అమ్మ | రాత్రి 11:50

ఆ కొంగ ఫొటో ఇక్కడ పెట్టండి అన్నయ్యా. అందులో మనుషులెవరూ లేరు కదా. మన కాలవ గట్టు చూసి చాన్నాళ్లయింది.

లంక_నాన్న | మర్నాడు, ఉదయం 6:30

పాప ఇంకా నిద్ర లేవలేదమ్మా. లేచాక అడిగి పెడతాను.